క్లస్టర్‌ను చదవడం – 4వ పాఠం: తిరుప్పూరు ఉప్పు లెక్క

గత పాఠంలో నీళ్ల లెక్క కట్టాం. ఈసారి ఉప్పు. తమిళనాడులోని తిరుప్పూరు అద్దకం యూనిట్లు ఎందుకు దారి మార్చుకున్నాయో తెలియాలంటే ముందు ఈ లెక్క చేతికి రావాలి.

నూలు బట్టకు రియాక్టివ్ రంగు (పోగుతో రసాయనికంగా కలిసిపోయే రంగు) ఎక్కించడానికి ఉప్పు వేస్తారు. అది రంగును బట్ట వైపు తోస్తుందే గాని బట్టలో నిలవదు. వేసినదంతా నీళ్లతో బయటికి వచ్చేస్తుంది. 100 కిలోల బట్ట, కిలోకు 6 లీటర్ల రంగునీళ్లు, లీటరుకు 60 గ్రాముల ఉప్పు అనుకోండి: 600 లీటర్లలో 36 కిలోలు. జాడింపులతో కలిపి 6,000 లీటర్లు వాడితే లీటరుకు 6,000 మిల్లీగ్రాములు. నీళ్లలో కరిగిన లవణాలకు మామూలుగా వదలదగిన హద్దు 2,100.

సున్నం, సూక్ష్మజీవులతో చేసే మామూలు శుద్ధి రంగునూ మురికినీ తగ్గిస్తుంది, ఉప్పు జోలికి పోదు. నీళ్లు తేటగానే కనిపిస్తాయి, నొయ్యల్ నది దిగువన పొలాలు చౌడుబారతాయి. ఆ రైతులే కోర్టుకెక్కారు. 2011 జనవరి 28న మద్రాసు హైకోర్టు యూనిట్లను మూసి కరెంటు తీసేయమంది. మురుగునీళ్లు చుక్క కూడా బయటికి వదలకూడదన్న నిబంధన అంతకుముందూ ఉంది, ఆర్‌వో (సన్నటి పొర గుండా నీళ్లను తోసి ఉప్పును వేరుచేసే పద్ధతి) కూడా చాలాచోట్ల ఉంది; మిగిలే ఉప్పునీళ్ల సంగతే తేలలేదు. అందుకే ఏ క్లస్టర్‌నైనా (ఒకే పని చేసే యూనిట్ల గుంపును) చదివేటప్పుడు మొదట రాసుకోవలసిన ప్రశ్న: యంత్రాన్ని ఆపగలిగేది ఎవరు?

రెండో ప్రశ్న: ఆపితే, తిరిగి నడిపే దారి ఉందా? ఆ ఉప్పునీళ్లను శుద్ధి చేసే ఖర్చు చిన్న యూనిట్ ఒంటరిగా మోయలేదు. ఉమ్మడి శుద్ధి కేంద్రాలు ఉండబట్టే తిరుప్పూరు నిలబడింది. అక్కడ ఆర్‌వో 85 శాతం నీళ్లు తిరిగి ఇస్తే 900 లీటర్లు మిగులుతాయి, లీటరుకు 40 గ్రాముల ఉప్పుతో. దాన్ని మరిగించి ఆవిరి చేయాలంటే కట్టెలు, బొగ్గు బాగా ఖర్చవుతాయి. నదికి తప్పిన భారం గాలి మీద పడుతుంది, ఈ మాట లెక్కలో తప్పకుండా రాయండి. ఆ ఉప్పునీళ్లనే శుభ్రం చేసి, తగ్గిన ఉప్పు కలిపి, మళ్లీ రంగుతొట్టికి పంపడం మేలు. కాల్షియం, మెగ్నీషియం మిగిలితే మాత్రం రంగు మచ్చలుమచ్చలుగా పడుతుంది. ప్రతి విడతకూ కాఠిన్యం పరీక్షించాలి.

అభ్యాసం: కిలోకు 8 లీటర్లు, లీటరుకు 50 గ్రాములు, మిగతావన్నీ పైవే. ఆర్‌వో తర్వాత మిగిలే నీళ్లలో లీటరుకు ఉప్పెంత? 44 గ్రాములు దాటి వస్తే సరి. వచ్చే పాఠంలో ఆవిరి, కట్టెల లెక్క.