సైకిలు మీద పేరొకరిది, వెల్డింగు ఇంకొకరిది: అసలు సంగతి కనుక్కోవడం ఎలా?

బీఎస్ఏ గొప్పదా, హెర్క్యులెస్ గొప్పదా అని రచ్చబండ మీద వాదించుకున్న తరం ఒకటి మన ఊళ్ళలో ఇంకా ఉంది. ఆ రెండూ మద్రాసు శివారు అంబత్తూరులోని టీఐ సైకిల్స్ వాళ్ళవే. ఫిలిప్స్ కూడా వాళ్ళదే. ఇప్పటికీ షాపులో పక్కపక్కన నిలబెట్టిన రెండు సైకిళ్ళను చూపించి "ఇది వేరే కంపెనీ సార్" అంటాడు కుర్రాడు. అబద్ధమాడుతున్నాడని కాదు, అతనికి తెలిసింది స్టిక్కరు వరకే. అంతకంటే లోపలికి వెళ్ళాలంటే ఓ గంట సమయం, ఒక ఫోను, ఒక టార్చి లైటు చాలు.

మొదట ప్రశ్నను మూడు ముక్కలు చెయ్యండి

"ఈ సైకిలు ఎవరిది?" అని అడిగితే సరైన జవాబు దొరకదు. ఆ పేరు ఎవరి సొత్తు? ఫ్రేము అతికింది ఎవరు? మన దేశంలో అమ్ముతూ, రేపు ఫ్రేము విరిగితే జవాబు చెప్పాల్సింది ఎవరు? ఈ మూడింటికీ ఒకే పేరు రావచ్చు, మూడు పేర్లూ రావచ్చు. కాగితం మీద మూడు గడులు గీసుకుని, దొరికినవి దొరికినట్టు నింపుకుంటూ పోవడం తేలిక.

లేబుల్ చదవండి

మూడో గడి అన్నిటికన్నా సులువు. ప్యాక్ చేసి అమ్మే వస్తువు మీద తయారీదారు లేదా ప్యాక్ చేసినవారు లేదా దిగుమతిదారు పేరు, చిరునామా ఉండాలని 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనలు చెబుతాయి. సైకిలు పెట్టె మీదో, హ్యాండిలుకు వేలాడే చీటీ మీదో చూడండి. "తయారీ" అని ఉందా, "మార్కెటింగ్" అని ఉందా, "దిగుమతి" అని ఉందా గమనించండి. ఒక్క మాటలో చాలా తేడా ఉంది. మార్కెటింగ్ అని మాత్రమే ఉండి, తయారీ దగ్గర వేరే చిరునామా కనిపిస్తే రెండో గడికి కూడా జవాబు దొరికినట్టే. ఆన్‌లైన్లో కొనేటట్టయితే ఈ వివరాలు పేజీ అడుగున ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంటాయి. ఫొటోలు చూసి ఆగిపోకుండా కిందికి వెళ్ళండి.

పేరు ఎవరి సొత్తో వెతకండి

ట్రేడ్‌మార్క్స్ రిజిస్ట్రీ వెబ్‌సైటులో ఎవరైనా ఉచితంగా వెతకవచ్చు. వాహనాలు 12వ తరగతి కిందికి వస్తాయి, సైకిళ్ళూ అందులోనే. తరగతి దగ్గర 12 వేసి బ్రాండు పేరు కొడితే ఆ పేరు ఎవరి మీద నమోదై ఉందో వస్తుంది. ఇది మన దేశం లెక్క మాత్రమే. సైకిలు పేర్లు పొలాల్లాంటివి: ఒక్కో దేశంలో ఒక్కో ఆసామి పేరు మీద ఉండొచ్చు.

రాలీ కథ వింటే ఇది బాగా తెలుస్తుంది. ఇంగ్లండులో రాలీ, హెర్క్యులెస్, బీఎస్ఏ మొదట బద్ధ శత్రువులు. 1946లో హెర్క్యులెస్‌ను ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్ అనే అక్కడి కంపెనీ కొన్నది. 1957లో బీఎస్ఏ సైకిళ్ళ వ్యాపారాన్ని రాలీ కొన్నది. 1960లో ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్, రాలీల సైకిలు వ్యాపారాలు కలిసిపోయాయి. దాంతో అక్కడ ఆ పేర్లన్నీ ఒకే ఇంటివి అయ్యాయి. మన దేశంలో మాత్రం అప్పట్లో రెండు ఇళ్ళు అలాగే మిగిలాయి. మురుగప్ప కుటుంబం ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్‌తో కలిసి 1949లో పెట్టిన టీఐ సైకిల్స్ ఒకవైపు. పశ్చిమ బెంగాల్‌లోని ఆసన్‌సోల్‌లో సేన్-రాలీ కంపెనీ మరోవైపు. అక్కడ అన్నదమ్ములైన పేర్లు ఇక్కడ పోటీదారులుగా మిగిలాయి. ఇంగ్లండు రాలీ 2012లో డచ్చి కంపెనీ యాక్సెల్ చేతికి వెళ్ళింది, యాక్సెల్ 2022లో కేకేఆర్ అనే పెట్టుబడి సంస్థ చేతికి వెళ్ళింది. మన తాతగారి రాలీకి ఈ అమ్మకాలతో సంబంధం ఏమీ లేదు.

దీనికి తిరగేసిన పొరపాటు కూడా ఉంది. పేరు ఒకటే కాబట్టి యజమాని ఒకరే అనుకోవడం. లూధియానాలో ముంజాల్ సోదరులు 1956లో పెట్టిన హీరో సైకిల్స్, మోటారు సైకిళ్ళు చేసే హీరో మోటోకార్ప్ ఇప్పుడు రెండు వేర్వేరు శాఖలవి. కుటుంబం ఆస్తి పంచుకుంది, పేరు మాత్రం ఇద్దరికీ మిగిలింది.

యజమాని మీద యజమాని

పేరు గడిలో కంపెనీ వచ్చాక, ఆ కంపెనీ ఎవరిదో చూడాలి. షేరు మార్కెట్లో నమోదైన కంపెనీ అయితే వార్షిక నివేదికలో అనుబంధ సంస్థల పట్టిక ఉంటుంది, నేరుగా అక్కడికే వెళ్ళండి. చైర్మన్ లేఖ చదివి ప్రయోజనం లేదు. నమోదు కాని కంపెనీ అయినా, బ్యాంకు అప్పుల కోసం క్రిసిల్, ఇక్రా లాంటి సంస్థల దగ్గర రేటింగు తీసుకుని ఉంటే ఆ నివేదిక ఉచితంగా దొరుకుతుంది. ఎవరి వాటా ఎంత, ఏ ఊళ్ళో ఫ్యాక్టరీ, ఏయే బ్రాండ్లు అన్నది చాలాసార్లు అందులో నాలుగు పేజీల్లో ఉంటుంది. నా మటుకు నాకు కంపెనీ వెబ్‌సైటు కన్నా ఇవే నమ్మకం.

ఉదాహరణకు ఫైర్‌ఫాక్స్. ఖరీదైన గేర్ల సైకిళ్ళ బ్రాండుగా పేరు తెచ్చుకుంది, ఒకప్పుడు అమెరికా ట్రెక్ సైకిళ్ళను కూడా ఇక్కడ అమ్మింది. 2015లో దాన్ని హీరో సైకిల్స్ కొనేసింది. పాల క్యాన్లు మోసే సైకిలూ, ఆదివారం పొద్దున నెక్లెస్ రోడ్డు మీద కనిపించే సైకిలూ ఒకే యజమానివి కావచ్చన్నమాట. విదేశీ పేర్లలో ఇది ఇంకా ఎక్కువ. డచ్చి కంపెనీ పాన్ దగ్గర గజెల్, సర్వెలో, సాంటాక్రూజ్ ఉండగా, 2022లో కెనడా కంపెనీ డోరెల్ క్రీడా విభాగాన్ని కొనడంతో క్యానన్‌డేల్, ష్విన్, జీటీ, మంగూస్ కూడా వచ్చి చేరాయి.

ఫ్రేము ఎవరు అతికారు?

అన్నిట్లోకీ కష్టమైన గడి ఇదే, ఎక్కువ కంపెనీలు దీన్ని బయటపెట్టవు. సైకిలును తలకిందులు చేసి, పెడళ్ళ ఇరుసు తిరిగే గొట్టం అడుగున టార్చి వేయండి. చెక్కిన నంబరు ఉంటుంది. నంబరు ముందున్న అక్షరాన్ని చూసి ఫ్యాక్టరీ చెప్పేస్తామనేవాళ్ళున్నారు. అన్ని కంపెనీలకూ వర్తించే పద్ధతంటూ లేదు కాబట్టి దాన్ని సూచనగా తీసుకోండి, రుజువుగా కాదు. రెండింటికీ జపాన్ విడిభాగాల కంపెనీ షిమానో గేర్లు ఉన్నంత మాత్రాన చుట్టరికం ఉందనుకోకండి. ఆ గేర్లు అందరూ కొంటారు.

అంతకన్నా మంచి దారి, చేసేవాళ్ళ వైపు నుంచి వెతకడం. తైవాన్ కంపెనీ మెరీడా సొంత పేరుతో సైకిళ్ళు అమ్ముతుంది. 2001లో అమెరికా కంపెనీ స్పెషలైజ్డ్‌లో దాదాపు సగం వాటా కొన్నది, దానికి సైకిళ్ళు చేసి పెడుతుంది. మెరీడా తైవాన్ షేరు మార్కెట్లో ఉంది కాబట్టి ఈ బంధుత్వం దాని నివేదికల్లో కనిపిస్తుంది. స్పెషలైజ్డ్ ప్రకటనల్లో వెతికితే దొరకదు.

ఇలాంటి బంధుత్వం ఎటు పోతుందో జెయింట్ కథలో ఉంది. 1972లో తైవాన్‌లో మొదలైన జెయింట్ మొదట పక్కవాళ్ళ పేరు మీద సైకిళ్ళు చేసేది. 1980లో అమెరికా కంపెనీ ష్విన్‌కు షికాగోలో ఉన్న ఫ్యాక్టరీలో సమ్మె జరిగింది. ష్విన్ పని జెయింట్ వైపు మళ్ళడం మొదలైంది. కొద్ది ఏళ్ళకే ష్విన్ అమ్మే సైకిళ్ళలో ఎక్కువ భాగం జెయింట్ చేతిపనే అయింది. చేయడం నేర్చుకున్నది జెయింట్, పేరు మోసింది ష్విన్. 1987లో ష్విన్ షెన్‌జెన్‌లోని చైనా బైసికిల్ కంపెనీలో వాటా కొని అటు తిరిగింది. అప్పటికే జెయింట్ సొంత పేరుతో బజారులోకి దిగింది, ష్విన్ నుంచే ఒక పెద్ద అధికారిని తెచ్చుకుని అమెరికాలో దుకాణం తెరిచింది. 1992లో ష్విన్ దివాలా తీసింది.

గడులు నిండాక

ఒకే ఫ్యాక్టరీ అని తేలగానే చవకది కొనేయకండి. వంటమనిషి ఒకరే అయినా ఒక ఇంట్లో నేతితో, ఇంకో ఇంట్లో నూనెతో వండుతాడు. ఫ్యాక్టరీ కూడా అంతే: గొట్టం ఏ లోహం, ఎంత మందం, ఎన్ని పరీక్షలు అన్నది ఆర్డరు ఇచ్చిన బ్రాండు చెబుతుంది. రెండు సైకిళ్ళనూ పోల్చేటప్పుడు ఫ్రేము లోహం, ఫోర్కు, బ్రేకులు, వెనక చక్రం హబ్బు, బరువు విడివిడిగా రాసుకోండి. ఇవన్నీ ఒకటే అయితే అప్పుడు ధర తేడాకు కారణం అడగొచ్చు. సేల్స్ కుర్రాడిని కాదు, మేనేజరును.

వారంటీ విషయంలో మొదటి రెండు గడులూ మీకు అక్కరకు రావు. ఫ్రేము తైవాన్‌ది, పేరు హాలండ్‌ది అయినా మీకు జవాబు చెప్పాల్సింది లేబుల్ మీదున్న దిగుమతిదారు లేదా తయారీదారు. వాళ్ళ సర్వీసు కేంద్రం మీ జిల్లాలో ఉందో లేదో కొనకముందే ఫోన్ చేసి కనుక్కోండి. వెనక గేరును ఫ్రేముకు తగిలించే గేరు హ్యాంగరు లాంటి చిన్న ముక్కలు బ్రాండు మారితే సరిపోవు, అవి దొరుకుతాయో లేదో కూడా అడగండి. బిల్లు రాసేటప్పుడు ఫ్రేము అడుగున చెక్కిన నంబరును అందులో వేయించి, నంబరు కనిపించేలా ఒక ఫొటో తీసి ఫోన్లో దాచుకోండి.