పాత హార్డ్ డిస్కు తిరగాలంటే

నల్లగొండలో మూతపడిన ఒక డీటీపీ సెంటర్ నుంచి నా చేతికి వచ్చిన 40 జీబీ ఐడీఈ (వెడల్పాటి పట్టీ కేబుల్‌తో కలిపే పాత రకం) హార్డ్ డిస్కులో ఇరవై ఏళ్ల నాటి శుభలేఖలు, కరపత్రాలు, తెలుగు డీటీపీలో వాడే ‘అను’ ఫాంట్లతో సహా పదిలంగా దొరికాయి. రాగానే దానిమీద విండోస్ ఎక్కించి వేగం కొలవబోయి ఉంటే అవి దక్కేవి కావని నా నమ్మకం. పాత డిస్కు ఎంత వేగంగా నడుస్తుందన్నది తర్వాతి సంగతి, ముందు అందులోని సరుకుకు నకలు తీసుకోవాలి.

కరెంటు ఇచ్చే ముందు అడుగున ఉన్న సర్క్యూట్ బోర్డు మీద కాలిన మచ్చలు గాని, మాడిన వాసన గాని ఉన్నాయేమో చూడాలి. మే నెలలో మన దగ్గర మధ్యాహ్నం 43 డిగ్రీలు దాటుతుంది కాబట్టి ఈ పనిని తెల్లవారుజామున పెట్టుకొని, డిస్కుకు టేబుల్ ఫ్యాను గాలి తగిలేలా చూడాలి. కంప్యూటరుకు యూపీఎస్ తప్పనిసరి. నకలు మధ్యలో కరెంటు పోతే డిస్కు ఆగి మళ్ళీ తిరగవలసి వస్తుంది, పాత మోటారుకు అసలు కష్టమంతా ఆ మొదటి తిరుగుడులోనే.

కరెంటు ఇవ్వగానే చెవి పెట్టి వినాలి. సన్నగా మొదలై నిలకడగా సాగే మోత మామూలే. బేరింగులు అరిగితే కీచుమంటుంది, అయినా చాలావరకు చదువుతుంది. లయ తప్పకుండా టక్ టక్‌మని కొట్టుకుంటుంటే మాత్రం హెడ్డుకు (లోపల తిరిగే పళ్లేల మీది సమాచారాన్ని చదివే భాగానికి) దారి దొరకడం లేదన్నమాట, వెంటనే కరెంటు తీసేయాలి. ఏ చప్పుడూ లేకపోతే హెడ్డు పళ్లేనికి అతుక్కుపోయి ఉండవచ్చు. డిస్కును చదునుగా పట్టుకొని మణికట్టుతో చటుక్కున తిప్పి విడిపించే పాత చిట్కా ఒకటి ఉంది గాని, హెడ్డు ఊడిపోయే ప్రమాదముంది కనుక వేరే దారి లేనప్పుడే దాని జోలికి పోవాలి.

డిస్కు తిరిగితే, లినక్సులో డీడీరెస్క్యూ అనే నకలు తీసే ప్రోగ్రాంతో, ఎక్కడిదాకా చదివిందో రాసిపెట్టే మ్యాప్ ఫైలు పెట్టుకొని, మొదటి విడతలో చెడిన చోట్లను దాటేసి మంచి సెక్టార్లన్నీ (సమాచారం దాచే చిన్న చిన్న గళ్లు) లాగాకే చెడినవాటి దగ్గరికి మళ్ళాలి. నా డిస్కులో చివర మిగిలిన కొద్ది భాగానికే రాత్రంతా పట్టింది.

ఇక వేగం. టైమ్‌ఔట్ (జవాబు ఆలస్యం), సీఆర్‌సీ (దారిలో సమాచారం చెడడం) తప్పులు ఆరు దొర్లితే విండోస్ ఎక్స్‌పీ వేగమైన డీఎంఏ పద్ధతిలో మెట్టుమెట్టుగా వేగం తగ్గిస్తుంది, తప్పులు ఆగకపోతే చివరికి ప్రాసెసరే సమాచారాన్ని మోసే నెమ్మదైన పీఐఓకు దిగిపోతుంది. అందువల్ల డిస్కు నత్తనడక నడుస్తుంటే ముందు కేబుల్‌ను అనుమానించాలి. యూడీఎంఏ (డీఎంఏలోనే మరింత వేగమైన రకం) 66, ఆపై మోడ్లకు 80 తీగల కేబుల్ ఉండాలి. డిస్కు తన ఆరోగ్యాన్ని తానే నమోదు చేసుకునే స్మార్ట్ వివరాల్లో 5 (చెడిపోయి వేరేచోటికి మార్చిన సెక్టార్లు), 197 (చదవలేక అనుమానంలో ఉన్న సెక్టార్లు) నంబర్ల ముడి విలువలు రోజురోజుకూ పెరుగుతుంటే ఆ డిస్కుకు కొత్త పని అప్పగించకూడదు. 1980ల నాటి సీగేట్ ఎస్‌టీ-225 వంటి 20 ఎంబీ డిస్కు మాత్రం ఒక్కో చోటు వెతకడానికి సగటున 65 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. హెడ్డును మెట్టుమెట్టుగా జరిపే స్టెప్పర్ మోటారు తీరే అంత, కాబట్టి దాన్ని చెడిపోయిందనుకోవద్దు, ఆపే ముందు హెడ్డును భద్రమైన చోట నిలిపే పార్క్ ప్రోగ్రాం నడపడం మాత్రం మరవద్దు.