జపాన్‌లో కడుపు పాడైతే: సెయిరోగన్ ఎలా వాడాలి

జపాన్‌కి కొత్తగా వచ్చిన మనవాళ్లు సోనా మసూరి ఎక్కడ దొరుకుతుందని అడిగాక తర్వాత అడిగేది కడుపు గురించే. నీళ్లు మారాయి, తిండి మారింది, ఆఫీసు విందులో మొహమాటానికి పచ్చి చేప తిన్నారు, తెల్లారేసరికి బాత్రూమ్‌కి పరుగులు. ఇంటి నుంచి తెచ్చుకున్న మాత్రలు ఏ పెట్టెలో ఉన్నాయో తెలీదు. అలాంటప్పుడు నేను చెప్పేది సెయిరోగన్, విరేచనాలకు వేసుకునే నల్ల గోళీల మందు. ఇక్కడ చాలా ఇళ్లల్లో మందుల డబ్బాలో ఉండేదే. డాక్టర్ చీటీ అక్కర్లేదు, ఏ మందుల షాపులోనైనా ఇస్తారు.

అయితే ఎప్పుడు వేసుకోకూడదో ముందు తెలుసుకోండి. విరేచనంలో రక్తం గానీ జిగురు గానీ పడుతున్నా, జ్వరం గట్టిగా ఉన్నా, ఏం తాగినా కక్కేస్తున్నా, కడుపునొప్పి ఒకేచోట పొడుస్తున్నా ఈ మందు జోలికి వెళ్లొద్దు, డాక్టర్ దగ్గరికి వెళ్లండి. వెళ్లాలా వద్దా అన్నది తేలకపోతే టోక్యో, ఒసాకా లాంటి చోట్ల #7119కి ఫోన్ చేస్తే నర్సులు వివరాలు అడిగి చెబుతారు. మనిషి సోలిపోతుంటే మాత్రం నేరుగా అంబులెన్సుకి, 119. ఐదేళ్ల లోపు పిల్లలకు ఈ మందు అసలు లేదు. గర్భిణులు, లివర్ గానీ కిడ్నీ గానీ బాగాలేనివాళ్లు అడగకుండా వేసుకోవద్దు.

ఇక షాపులో. నారింజ రంగు డబ్బా, దాని మీద బాకా బొమ్మ. అది తైకో కంపెనీది. పక్కనే అదే పేరుతో, ఇంచుమించు అదే రంగులో ఇంకో కంపెనీ డబ్బా కనిపిస్తే నకిలీ అనుకోకండి. సెయిరోగన్ అన్నది అందరూ వాడుకునే పేరేనని 1974లో ఇక్కడి సుప్రీంకోర్టులో తేలిపోయింది, అందుకే చాలామంది తయారుచేస్తారు. దినుసుల పాళ్లు, మోతాదు కంపెనీని బట్టి మారొచ్చు. ఫోన్ కెమెరాతో లేబుల్ తెలుగులోకి మార్చి చదువుకోండి. నేను కింద చెప్పే లెక్క బాకా బొమ్మ సీసాదే.

పెద్దవాళ్లకు పూటకు 3 గోళీలు, రోజుకు 3 పూటలు, తిన్నాక. పూటకీ పూటకీ కనీసం 4 గంటల ఎడం ఉండాలి. పిల్లలకు వయసును బట్టి తగ్గుతుంది, డబ్బా మీద పట్టిక ఉంటుంది. నమలకండి. నమిలితే ఆ రోజంతా నోట్లో అదే ఉంటుంది. నాలుక చివర కాకుండా మధ్యలో వేసుకుని, గ్లాసుడు గోరువెచ్చని నీళ్లు గబగబా తాగేయాలి. గోళీలు చేత్తో తీయకుండా సీసా మూతలోకి వొంపుకోండి. వేళ్లకు అంటిందంటే సబ్బుతో రెండుసార్లు కడిగినా అన్నం కలుపుకునేటప్పుడు తెలుస్తుంది.

ఆ వాసన గురించి చెప్పకపోతే మీరు నన్ను తిట్టుకుంటారు. మా అత్తగారు ఇక్కడికి వచ్చినప్పుడు సీసా మూత తీసి, "ఏమ్మా, ఇది కడుపుకి వేసుకునేదా, రోడ్డుకి వేసేదా? తారు డబ్బా తీసినట్టుంది!" అన్నారు. ఆవిడ పోల్చింది తప్పేం కాదు. ఇందులో అసలు మందు కట్టె క్రియోజోట్. బీచ్, పైన్ లాంటి చెట్ల కట్టెను గాలి తగలకుండా కాలిస్తే వచ్చే తారును మరిగించి, ఆ ఆవిరిని చల్లార్చి తీస్తారు. 1830ల్లో రైఖెన్‌బాఖ్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త దీన్ని మొదట వేరుచేశాడు. ఆ ఘాటంతా గ్వాయకోల్, క్రియోసోల్ లాంటి ఫినాల్ జాతి పదార్థాలది.

ఇక్కడ ఒక్కటి గట్టిగా చెప్పాలి. ఇంటర్నెట్‌లో క్రియోజోట్ అని కొడితే విషం, క్యాన్సర్ అని వస్తుంది. అది బొగ్గు తారు నుంచి తీసే క్రియోజోట్, రైలు పట్టాల కింద చెక్కలకు చెద పట్టకుండా పూసేది. పేరొక్కటే, సరుకు వేరు. అలాగని కట్టె క్రియోజోట్ ద్రావకం విడిగా దొరికింది కదా అని చుక్కలు వేసుకునే తెలివితేటలు వద్దు. అది నోరూ గొంతూ కాల్చేస్తుంది. గోళీలో కొలత ఉంటుంది: రోజుకు వేసుకునే 9 గోళీల్లో 400 మిల్లీగ్రాములు.

మిగతా దినుసులు చూస్తే మా అత్తగారు కాస్త మెత్తబడ్డారు. అతిమధురం, ఎండబెట్టిన కమలా తొక్క, కిళ్లీలో కాచులా వగరుగా ఉండే గాంబీర్, కిహాద అనే చెట్టు బెరడు. ఆ బెరడులో చేదంతా బెర్బెరిన్, మన మానుపసుపులో ఉండేదే. అతిమధురం ఎక్కువైతే బీపీ పెరుగుతుంది, పొటాషియం పడిపోతుంది. ఇందులో ఉన్నది కొద్దిగానే, కానీ మా మామగారిలా బీపీ మాత్రలు వాడేవాళ్లు ఫార్మసిస్టుకి ఆ సంగతి చెప్పి తీసుకోవాలి.

ఇది క్రిముల్ని చంపి తగ్గిస్తుందని చాలాకాలం అనుకున్నారు. 1904–05 రష్యా యుద్ధంలో జపాన్ సైనికులకు పంచారు కూడా. బాకా బొమ్మ ఆ కాలపు గుర్తే. నిజానికి ఇది చేసేది, పేగులోకి అతిగా ఊరే నీటిని తగ్గించడం, మెలిపెట్టే కదలికను దారికి తేవడం. విరేచనాలు ఆపడానికి వాడే లోపెరమైడ్ మాత్రలా పేగును కట్టిపడేయదు. అందుకే తిన్నది పడకో, నీళ్లు పడకో వచ్చే మామూలు విరేచనాలకు నాకు ఇదే నచ్చుతుంది. రెండూ కలిపి వేసుకోవద్దు.

గోళీ వేశాం కదా అని నీళ్లు మానేస్తారు కొందరు. ప్రాణం మీదకు తెచ్చేది ఒంట్లో నీళ్లు పోవడమే, దాన్ని ఈ గోళీ పూడ్చదు. షాపులో ఓఎస్-వన్ అని ఓఆర్ఎస్ సీసాలుంటాయి. లేదంటే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో 6 చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, టీ చెంచాతో, తలకొట్టి కొలిచి కలపండి. గుక్కగుక్కగా తాగాలి. తిండికి మెత్తటి జావ. ఇక్కడివాళ్లు ఒకాయు అని చేసుకునేది మన గంజన్నమే, ఉప్పూరిన ఉమెబోషి పండు నంజుకుంటారు. మనకి ఊరగాయ ఊట చుక్క వేసుకోవాలనిపిస్తుంది. ఆగండి, కారం తర్వాత.

డబ్బా మీద 5–6 రోజులు వాడినా తగ్గకపోతే ఆపేసి డాక్టర్‌ని కలవమని ఉంటుంది. నేనైతే రెండో రోజు సాయంత్రానికి మార్పు లేకపోతే ఇక చూడను. పెద్దవాళ్ల విషయంలో అంతవరకు కూడా ఆగను.

వాసన బొత్తిగా పడనివాళ్లకు పంచదార పూత వేసిన తెల్ల మాత్రలున్నాయి, తోఇ-ఎ అంటారు. దినుసులు కాస్త వేరు, పెద్దలకు పూటకు 4 మాత్రలు. క్యాప్సూల్ రకం కూడా వచ్చింది. శాకాహారులైతే పూత మాత్రలకీ క్యాప్సూల్‌కీ లేబుల్ మీద జెలటిన్ ఉందేమో చూసుకోండి. మా అత్తగారు అది చదివించుకుని, చివరికి ముక్కు మూసుకుని నల్ల గోళీలే వేసుకున్నారు.

పుప్పిపన్ను నొప్పికీ ఇది పనికొస్తుందని డబ్బా మీదే ఉంటుంది. చిన్న ముక్క పుచ్చులో పెడతారు. మనం లవంగనూనె పెట్టుకున్నట్టే, డెంటిస్టు దగ్గరికి వెళ్లేదాకా ఉపశమనం, అంతే.

సీసాలోంచి వేరే డబ్బాలోకి మార్చకండి, పిల్లలు మిరియాలో మిఠాయో అనుకునేలా ఉంటాయి గోళీలు. ఊరికి తీసుకెళ్లాలంటే సీసాను రెండు జిప్ కవర్లలో మూసి, బట్టలకు దూరంగా పెట్టండి. ముఖ్యంగా పట్టుచీరల పక్కన వద్దు.