బార్బడోస్‌లో ఇంటికి దగ్గరగా ప్రశాంతమైన సముద్రతీరాన్ని వెతుక్కోవడం ఎలా

కరీబియన్ సముద్ర ప్రాంతంలోని బార్బడోస్ ద్వీపం పొడవు సుమారు 34 కిలోమీటర్లు, వెడల్పు 23 కిలోమీటర్లే కాబట్టి అక్కడ కాపురముండేవారికి ఏ దిక్కుకు వెళ్ళినా సముద్రం దగ్గరే. అయితే జనం తక్కువగా ఉండే చోట అలల ఉద్ధృతి ఎక్కువగా ఉంటుంది, నీళ్ళు నిలకడగా ఉన్న చోటికి జనం చేరిపోతారు. ఈ రెండు ప్రశాంతతలూ కలిసే చోటును, కలిసే వేళను కనిపెట్టడమే అసలు పని.

వెతుకులాటను గాలి దిశతో మొదలుపెట్టాలి. వ్యాపార పవనాలు ఈశాన్యం, తూర్పు దిక్కుల నుంచి వీస్తాయి కనుక తూర్పు తీరంలోని బాత్‌షీబా వైపు అట్లాంటిక్ అలలు విరుచుకుపడతాయి. ఆ తీరం కళ్ళకు పండుగే గాని ఈతకు తగినది కాదు. పడమటి తీరం గాలిమరుగున ఉండటం వల్ల నీరు చాలా రోజులు చెరువులా నిశ్చలంగా ఉంటుంది, కాని అక్కడ హోటళ్ళు బారులు తీరి ఉంటాయి.

వాటిని చూసి వెనుదిరగవలసిన పని లేదు. ఈ దేశంలో సముద్రతీరాలన్నీ ప్రజలవే. పడమటి తీరంలోని హోల్‌టౌన్ నుంచి ఉత్తరాన స్పైట్స్‌టౌన్ దాకా రోడ్డు వెంట నింపాదిగా నడిస్తే, ప్రహరీ గోడల మధ్య ఇద్దరు పక్కపక్కన పట్టనంత సన్నని దారులు ఇసుక వరకు వెళ్ళడం కనిపిస్తుంది. బస్సులో వెళ్ళేవారు 3.50 బార్బడోస్ డాలర్లు చెల్లించి ఎక్కడైనా దిగవచ్చు. స్టాపు బోర్డుపై 'అవుట్ ఆఫ్ సిటీ' అని ఉంటే ఆ బస్సు రాజధాని బ్రిడ్జ్‌టౌన్ నుంచి బయటికి వెళ్ళేదని అర్థం. స్పైట్స్‌టౌన్ దాటాక ఉన్న హేవుడ్స్ తీరం నుంచి అన్వేషణ ఆరంభించడం మంచిదని నా అభిప్రాయం.

నచ్చిన తీరాన్ని ఒక్కసారి చూసి నిర్ణయానికి రాకూడదు. డిసెంబరు నుంచి ఏప్రిల్ వరకు పర్యాటకుల తాకిడి ఎక్కువ, ఆదివారాలు స్థానిక కుటుంబాలవి. మామూలు రోజున తెల్లవారుజామునే వెళ్ళండి. అప్పటికే పెద్దవాళ్ళు కొందరు మెడలోతు నీళ్ళలో నిలబడి కబుర్లు చెప్పుకుంటూ ఉంటారు. దీన్ని వారు 'సీ బాత్' అంటారు. ముందుగా 'గుడ్ మార్నింగ్' చెప్పి, నీటి లాగుడు ఎక్కడ ఉంటుందో వారినే అడగండి. నిత్యం ఆ నీళ్ళలో దిగేవారి మాటకు మించిన సమాచారం మరొకటి లేదు.

నీడ కోసం చెట్టు కిందికి చేరేముందు మాత్రం ఆ చెట్టేదో తెలుసుకోవాలి. మాంచినీల్ చెట్టుకు నిగనిగలాడే ఆకులు, చిన్న పచ్చి ఆపిల్‌ను పోలిన సువాసనగల కాయలు ఉంటాయి. ఆ కాయ విషం, దాని పాలు తగిలితే చర్మం బొబ్బలెక్కుతుంది, వానలో దాని కింద నిలబడినా ప్రమాదమే. కొన్నిచోట్ల కాండానికి ఎర్ర రంగు పట్టీ వేస్తారు గాని పట్టీ లేదని ధైర్యపడకండి. పళ్ళెంలా గుండ్రంగా, దళసరిగా ఉన్న ఆకు సీ గ్రేప్ అనే చెట్టుది. దాని నీడన నిశ్చింతగా కూర్చోవచ్చు.

నీళ్ళలో దిగేముందు పావుగంట అలలను గమనించాలి. రెండు వైపులా అలలు విరుగుతూ మధ్యలో నీరు నునుపుగా, మట్టిరంగుగా లోపలికి పోతుంటే అక్కడ దిగకూడదు. పొరపాటున చిక్కుకుంటే ఎదురీదక ఒడ్డుకు సమాంతరంగా ఈదాలి. 2011 నుంచి సర్గాసమ్ నాచు తరచుగా, ముఖ్యంగా తూర్పు, దక్షిణ తీరాలకు కొట్టుకువస్తోంది. అది కుళ్ళి వాసన వేసే రోజుల్లో పడమటి వైపు వెళ్ళడమే మేలు.

మే నుంచి అక్టోబరు వరకు హాక్స్‌బిల్ తాబేళ్ళు రాత్రివేళ ఇసుకలో గుడ్లు పెడతాయి. చీకటిపడ్డాక టార్చి వేయకండి, ఎందుకంటే వెలుగును చూసి తాబేలు పిల్లలు సముద్రానికి బదులు రోడ్డు వైపు పాకుతాయి. పగలు పిల్లలు ఇసుకలో తవ్విన గుంటలను వచ్చేముందు పూడ్చివేయండి. అరచేతిలో ఇమిడే తాబేలు పిల్ల అందులో పడితే తిరిగి పైకి ఎక్కలేదు.