కాబోయే ప్రాథమిక ఉపాధ్యాయులకు తరగతి గది సాంకేతికతను పరిచయం చేయడం ఎలా?

ప్రాథమిక ఉపాధ్యాయ శిక్షణ ఇచ్చే డీఎడ్ రెండేళ్ల కోర్సులో సాంకేతికత పాఠం చాలాసార్లు కంప్యూటర్ భాగాల పేర్లతో మొదలై, స్లైడ్లు తయారుచేయడంతో ముగుస్తుంది. పరీక్ష రాయడానికి అది సరిపోతుంది గానీ, ములుగు వైపో జనగామ వైపో ఇద్దరు టీచర్లే ఐదు తరగతులూ చూసుకునే బడిలో చేరినవారికి అంతగా అక్కరకు రాదు. హనుమకొండలోని జిల్లా విద్యా శిక్షణ సంస్థ (డైట్) వంటి చోట్ల బోధించే అధ్యాపకులు, ఇంటర్న్‌షిప్‌కు వచ్చే ఛాత్రోపాధ్యాయులకు (శిక్షణలో ఉన్న కాబోయే టీచర్లకు) దారి చూపే సీనియర్ టీచర్లు ఈ పరిచయాన్ని ఏ వరుసలో చేస్తే మేలో చూద్దాం.

1. ముందు పాఠ్యపుస్తకం తెరిపించండి

మొదటి రోజు ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు సంచిలోనే ఉండనివ్వండి. ఒక్కొక్కరిని ఒకటి నుంచి ఐదు తరగతుల పుస్తకాల్లోంచి ఒక పాఠం ఎంచుకొని, పిల్లలు అందులో ఎక్కడ ఆగిపోతారో ఒకే వాక్యంలో రాయమనండి. ‘ఒత్తులున్న పదం వస్తే చదవడం ఆగిపోతుంది’, ‘రెండు కంటే నాలుగు పెద్దది కాబట్టి సగం కంటే పావు పెద్దదనుకుంటారు’, ‘పటంలో ఉత్తరమంటే ఆకాశం వైపు అనుకుంటారు’ వంటి వాక్యాలు రావాలి. ‘పాఠం కష్టంగా ఉంటుంది’ అని రాసినవారిచేత మళ్లీ రాయించండి.

తర్వాత ఆ చిక్కు సుద్దముక్కతోనో, చింతగింజలతోనో, కాగితం మడతతోనో తీరుతుందా అని అడగండి. పావు, సగం సంగతి కాగితం మడిస్తే తేలిపోతుంది; దానికి యాప్ వెతకడం వృథా. అక్కడే కూర్చుని చూడలేనిది, వినలేనిది, మళ్లీ మళ్లీ చేసి చూడడానికి వీలుకానిది ఏదైనా మిగిలితే, సాంకేతికత అవసరం అక్కడ మొదలవుతుంది. విషయ జ్ఞానం, బోధనా పద్ధతి, సాంకేతికత మూడూ కలిసినప్పుడే బోధన కుదురుతుందని పున్య మిశ్రా, మాథ్యూ కోలర్ 2006లో ప్రతిపాదించిన చట్రం డీఎడ్ నోట్సుల్లో మూడు వృత్తాల బొమ్మగా కనిపిస్తుంటుంది. ఆ బొమ్మను గీయించడం కంటే ఈ ఒక్క వాక్యం రాయించడం వల్ల ఎక్కువ లాభమని నా అభిప్రాయం.

2. వారినే పిల్లల స్థానంలో కూర్చోబెట్టండి

ఐదో తరగతి స్థాయిలో దిక్కులు, పటాలు చెప్పడానికి మన వరంగల్ కోటను మించిన వనరు దొరకడం కష్టం. ఖిలా వరంగల్‌లోని నాలుగు కీర్తి తోరణాలను, వాటి చుట్టూ దూరంగా ఉన్న రాతికోటను, దానికీ బయట ఉన్న మట్టికోటను గుర్తున్నంత మేరకు కాగితంపై గీయమనండి. ఎవరినీ సరిదిద్దకండి. గోడలను చతురస్రంగా గీసినవారు, తోరణాలను ఒకే వరుసలో నిలబెట్టినవారు తప్పక ఉంటారు.

అప్పుడు గూగుల్ ఎర్త్ తెరిచి, తోరణాల నడుమ నుంచి నెమ్మదిగా పైకి వెళ్లండి. మొదట నాలుగు దిక్కులా నాలుగు తోరణాలు, తర్వాత ఇళ్ల కప్పులు, పొలాలు, ఆపైన రాతిగోడ గుండ్రం, ఇంకా పైకి పోతే మట్టికోట గుండ్రం ఒకటొకటిగా తేలుతాయి. నేల మీద నడిచేటప్పుడు గుండ్రమని తెలియని గోడ పైనుంచి చూసేసరికి వలయంగా కనిపించడమే ఈ పాఠంలో అసలు ఘట్టం. మూడు నిమిషాల్లో తెర ఆపేసి, ఎవరి బొమ్మను వారినే దిద్దుకోమనండి. చివర్లో ‘ఈ దృశ్యాన్ని ముందే చూపించి ఉంటే ఏమయ్యేది?’ అన్న ప్రశ్న వేసి, వారు మాట్లాడుకోవడానికి ఎక్కువ సమయం ఇవ్వండి.

3. బడిలో ఏమున్నదో చూసి రమ్మనండి

ఇంటర్న్‌షిప్ మొదటి వారంలోనే ఏ గదిలో ప్లగ్ పనిచేస్తుంది, సిగ్నల్ ఎక్కడ అందుతుంది, టీవీ ఉంటే దానికి కేబుల్ ఉందా, వెనక వరుసకు శబ్దం వినిపిస్తుందా అనేవి రాసుకోవాలి. నెట్ ఉంటుందన్న నమ్మకంతో పాఠం తయారుచేయకూడదు. 2017లో మొదలైన కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక దీక్షలోని పాఠాలను, ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్‌లో ఉచితంగా దొరికే తెలుగు కథలను, కొలరాడో విశ్వవిద్యాలయం వారి ఫెట్ సిమ్యులేషన్లను (తెర మీద మార్చి మార్చి చేసి చూసే ప్రయోగ నమూనాలను) ఇంటి దగ్గరే దించుకొని బడికి తీసుకెళ్లవచ్చు. తెలంగాణ ప్రభుత్వ విద్యా ప్రసారాలైన టీ-శాట్ పాఠాలు కూడా ఉపయోగపడతాయి గానీ, వీడియో మొత్తం వేసి పక్కన కూర్చోవడం బోధన కిందికి రాదు; రెండు నిమిషాల ముక్క ఎంచుకొని, ఎక్కడ ఆపి ఏ ప్రశ్న అడగాలో పాఠ్య ప్రణాళికలోనే రాయించండి.

4. ఒక్క ఫోనుతో బహుళ తరగతి బోధన

ఒకే గదిలో రెండు మూడు తరగతులున్నప్పుడు ప్రొజెక్టర్ కంటే ఫోనులోని వాయిస్ రికార్డర్ ఎక్కువ పనికొస్తుంది. టీచరు ఒకటో తరగతితో అక్షరాలు దిద్దిస్తుండగా, మూడో తరగతి పిల్లలు నలుగురు వరండాలో కూర్చొని ఒకరి తర్వాత ఒకరు అరపేజీ చదివి రికార్డు చేసుకొని, విని, తడబడిన చోట పుస్తకంలో పెన్సిలుతో గీత పెట్టుకోవచ్చు. తన గొంతు తాను విన్న పిల్ల ‘టీచర్, ఇంకోసారి చదువుతా’ అంటూ తానే ముందుకొస్తుంది.

తండా బడుల్లో ఇదే పరికరానికి మరో ఉపయోగం ఉంది. లంబాడీలో నాయనమ్మ చెప్పిన కథను పిల్లలు ఇంటి దగ్గర రికార్డు చేసుకొస్తే, దాన్ని తరగతిలో విని, తెలుగులో నాలుగు వాక్యాలు కట్టి బోర్డు మీద రాయవచ్చు. ఆదిలాబాద్ వైపు గోండి మాట్లాడే ఇళ్ల పిల్లలతోనూ ఇలాగే చేయవచ్చు. ఇంటి భాషను పక్కకు నెట్టకుండా బడి భాషకు తీసుకెళ్లే ఈ పనిని ప్రతి ఛాత్రోపాధ్యాయుడూ ఒక్కసారైనా చేసి చూడాలి.

5. సూక్ష్మ బోధనలో కరెంటు తీసేయండి

తోటివారి ముందు ఐదారు నిమిషాలు పాఠం చెప్పి చూసే సూక్ష్మ బోధన జరుగుతుండగా, ముందు చెప్పకుండా ప్లగ్ తీయండి. ‘సారీ మేడమ్’ అని నిలబడిపోయినవారికీ, సుద్ద అందుకొని అదే ప్రశ్నను బోర్డు మీదికి మార్చినవారికీ ఉన్న తేడాను తోటివారే గమనిస్తారు. ఇకపై ప్రతి పాఠ్య ప్రణాళికలో ‘తెర లేకపోతే’ అనే వరుస ఒకటి చేర్చమనండి.

6. వర్క్‌షీట్లు, కృత్రిమ మేధ

వర్క్‌షీట్లను ఏ ఫోనులోనైనా, కంప్యూటర్లోనైనా సరిగా కనిపించే యూనికోడ్ తెలుగులోనే టైపు చేయడం అలవాటు చేయండి. అను ఫాంట్లలో తయారైన ఫైలు అవి లేని మరో కంప్యూటర్లో తెరిస్తే అక్షరాలు పిచ్చి గుర్తులవుతాయి. చాట్‌జీపీటీ వంటివి కథలు, లెక్కలు అడిగిన వెంటనే రాసిస్తాయి; ఆ తెలుగు మన పిల్లలు మాట్లాడేలా ఉందా, జవాబులు సరైనవేనా అని కాగితంపై సరిచూశాకే తరగతికి తేవాలి.

7. పిల్లల ఫొటోలు

ఇంటర్న్‌షిప్ మొదలుకాకముందే చెప్పవలసిన సంగతి ఇది. పిల్లల ముఖాలు, మార్కులు, గొంతులు వాట్సాప్ స్టేటస్‌లోకి వెళ్లకూడదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్ల లోపువారిని పిల్లలుగానే చూస్తూ, వారి వివరాల విషయంలో తల్లిదండ్రుల సమ్మతికి చోటిచ్చింది. రికార్డుకు ఫొటో తప్పనిసరైతే, నోటుబుక్కు మీద పనిచేస్తున్న చేతులు కనిపిస్తే చాలు.

మార్కులు వేసేటప్పుడు ఎన్ని యాప్‌లు వాడారో లెక్కించకండి. మొదటి రోజు రాసిన ఆ ఒక్క వాక్యాన్ని పక్కన పెట్టుకొని, పాఠం చెప్పిన మర్నాడు ఫోను లేకుండా అదే ప్రశ్న అడిగితే ఎంతమంది పిల్లలు చేయగలిగారో, చేయలేనివారి కోసం ఏం మార్చారో రికార్డులో రాయించి, దానికే మార్కులు కేటాయించండి.