గుండెపోటు తర్వాత వేసవి నడక: శ్రమను కొలిచేటప్పుడు పాటించవలసిన జాగ్రత్తలు

చలికాలంలో గుండెపోటు వచ్చి, స్టెంటు వేయించుకుని, డాక్టరు అనుమతితో రోజూ అరగంట నడకకు అలవాటు పడినవారికి మార్చి దాటేసరికి అదే దారిలో, అదే వేగంతో నడిచినా ముందుకంటే త్వరగా ఆయాసం రావచ్చు. ఒంటిని చల్లబరచడానికి రక్తం ఎక్కువగా చర్మంవైపు మళ్లడం, చెమట రూపంలో ఒంట్లోని నీరు తగ్గడం వల్ల అదే నడకకు గుండె ఎక్కువ పని చేయవలసి వస్తుంది. కోస్తా జిల్లాల్లో ఉక్కపోతకు చెమట ఆరదు కనుక, థర్మామీటరు తక్కువ చూపించినా శ్రమ తగ్గదు. కాబట్టి వేసవి నెలలన్నీ నడకను కిలోమీటర్లతోనూ, ఫోన్ చూపించే అడుగుల లెక్కతోనూ కాక, పడుతున్న శ్రమతోనే కొలుచుకోవాలి. అయితే చల్లటి పూట, నీడపట్టున నెమ్మదిగా నడిచినా కొత్తగా ఆయాసం వస్తుంటే, దానిని ఎండ మీదికి నెట్టకుండా డాక్టరుకు చెప్పాలి.

శ్రమను కొలవడానికి చాలామంది ముందుగా పట్టుకునేది 220 నుంచి వయసు తీసివేసి, గుండె నిమిషానికి గరిష్ఠంగా ఎన్నిసార్లు కొట్టుకోగలదో చెప్పే సూత్రం. ఆరోగ్యవంతుల విషయంలోనే అది ఉజ్జాయింపు లెక్క. గుండెపోటు తర్వాత మెటోప్రొలాల్, బైసోప్రొలాల్, కార్వెడిలాల్ వంటి బీటా బ్లాకర్ మాత్రలు వాడుతున్నవారికి అది పనికిరాదని చెప్పడమే మేలు, ఎందుకంటే ఆ మాత్రలు గుండె వేగాన్ని అంతగా పెరగనివ్వవు. ఉదాహరణకు 58 ఏళ్ల వ్యక్తికి ఈ సూత్రం ప్రకారం గరిష్ఠ వేగం నిమిషానికి 162, లక్ష్యంగా పెట్టుకునే 85 శాతం సుమారు 138. మాత్ర వేసుకుని చేయించుకున్న ట్రెడ్‌మిల్ పరీక్షలో ఆయన గుండె 124 దాటలేదనుకుందాం. అప్పుడు 138ని అందుకోవాలని ప్రయత్నించడం ప్రమాదాన్ని కోరి తెచ్చుకోవడమే. దీనికి బదులు ఫిన్లాండ్‌కు చెందిన పరిశోధకుడు కార్వోనెన్ 1957లో చూపిన పద్ధతిలో, విశ్రాంతిలో ఉన్నప్పటి వేగాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటారు. పైన చెప్పిన 58 ఏళ్ల వ్యక్తి విశ్రాంతి వేగం 64 అయితే, 124కూ దానికీ తేడా 60. అందులో 40 నుంచి 60 శాతం, అంటే 24 నుంచి 36, విశ్రాంతి వేగానికి కలిపితే గుండె వేగం 88 నుంచి 100 మధ్య ఉండేలా నడవాలని తేలుతుంది. పరీక్షలో 105 దగ్గరే ఈసీజీలో మార్పులు గానీ ఛాతీ నొప్పి గానీ కనిపించి ఉంటే, ఈ లెక్కను పక్కన పెట్టి, అంతకు కనీసం 10 తక్కువలోనే ఆగాలి. ఈ హద్దు డాక్టరు రాసి ఇవ్వవలసినదే. ఆ పరీక్ష మాత్రలు వేసుకుని చేసినదా, ఆపి చేసినదా అన్నది తప్పక అడగాలి. మాత్రలు ఆపి చేసిన పరీక్షలోని అంకె మాత్రలు వేసుకుని నడిచేవారికి వర్తించదు.

వేసవిలో బీటా బ్లాకర్ వల్ల మరొక చిక్కు ఉంది. వేడికి గుండె వేగం పెరగవలసినంత పెరగదు కనుక, నాడి 95 దగ్గరే ప్రశాంతంగా ఉన్నట్టు కనిపిస్తుండగానే మనిషి అలసిపోతాడు. అందుచేత అంకెకూ ఒంటికీ పొంతన కుదరనప్పుడు ఒంటి మాటే వినాలి. స్వీడన్ మనస్తత్వ శాస్త్రవేత్త గున్నార్ బోర్గ్ రూపొందించిన 6 నుంచి 20 వరకు గల కొలబద్ద ఇందుకే ఉపయోగపడుతుంది: 6 అంటే శ్రమే లేకపోవడం, 11 అంటే తేలిక, 13 అంటే కాస్త కష్టం, 15 అంటే కష్టం. కోలుకుంటున్నవారు సాధారణంగా 11, 13 మధ్య ఉండాలి. ఉక్కపోత రోజున 11 దగ్గరే ఆగడం మంచిది. అంకెలు గుర్తుండనివారు నడుస్తూనే ఒక వేమన పద్యం చెప్పి చూడవచ్చు. పాదం మధ్యలో ఊపిరి కోసం ఆగవలసి వస్తే వేగం ఎక్కువైనట్టే. తోటివారి నడకతో మాత్రం పోటీ వద్దు. పార్కుల్లో జరిగే అనర్థాలకు ఈ పంతం ఒక కారణమని నా అభిప్రాయం.

నాడి చూసుకోవడంలోనూ పొరపాట్లు జరుగుతాయి. నడక ఆపిన వెంటనే, బొటనవేలితో కాకుండా చూపుడు, మధ్య వేళ్లతో మణికట్టు దగ్గర బొటనవేలి వైపు పట్టి, 15 సెకన్లు లెక్కించి నాలుగుతో హెచ్చవేయాలి. ఆలస్యమైతే వేగం పడిపోయి అంకె తక్కువ వస్తుంది. మెడకు రెండు వైపులా ఒకేసారి నొక్కకూడదు. చేతి గడియారం పట్టీ వదులుగా ఉన్నా, చెమటకు జారినా, అది గుండెకు బదులు అడుగుల లయను లెక్కపెట్టే అవకాశం ఉంది. నాడి ఒక క్రమంలో కొట్టుకోని ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉన్నవారు 15 సెకన్లతో సరిపెట్టకుండా నిమిషం పాటు లెక్కించాలి. అప్పుడు కూడా బోర్గ్ కొలబద్దకే ఎక్కువ విలువ ఇవ్వాలి.

నడక తెల్లవారుజామున, చదునైన దారిలో, భోజనం తర్వాత కాకుండా ఉండాలి. మొదటి అయిదు నిమిషాలూ, చివరి అయిదు నిమిషాలూ నెమ్మదిగా నడవాలి. రక్తపోటు మాత్రలు వాడేవారు ఉన్నట్టుండి ఆగిపోతే కళ్లు తిరగవచ్చు. గుండె బలహీనంగా ఉందని నీటికి పరిమితి పెట్టినవారు, మూత్రం ఎక్కువ వచ్చే మాత్రలు వాడేవారు వేసవిలో ఎంత తాగాలో డాక్టరును అడిగి నిర్ణయించుకోవాలి. మధుమేహం ఉన్నవారికి ఛాతీ నొప్పి లేకుండానే గుండెకు రక్తం తగ్గవచ్చు కనుక, అకారణమైన ఆయాసాన్నే నొప్పిగా భావించాలి. చక్కెర పడిపోయినప్పుడు వచ్చే గుండె దడ బీటా బ్లాకర్ వల్ల తెలియదు. చెమట మాత్రం పడుతుంది, దానిని ఎండ చెమటగా పొరబడే ప్రమాదం ఉంది. జేబులో గ్లూకోజ్ ఉంచుకోవాలి.

ఛాతీలో బిగుతు, దవడకో చేతికో పాకే నొప్పి, చల్లని చెమట, కళ్లు తిరగడం వీటిలో ఏది కనిపించినా అక్కడే కూర్చోవాలి. డాక్టరు రాసి ఇచ్చి ఉంటే, ఛాతీ నొప్పిని తగ్గించే సార్బిట్రేట్ మాత్రను కూర్చునే నాలుక కింద పెట్టుకోవాలి. వయాగ్రా వంటి మాత్రలు వాడినవారు దీనిని వేసుకోకూడదు. అయిదు నిమిషాల్లో తగ్గకపోతే 108కి ఫోన్ చేయాలి, సొంతంగా బండి నడుపుకుంటూ ఆస్పత్రికి బయలుదేరకూడదు. వడగాడ్పుల వల్ల వారం పాటు నడక మానేసినవారు తిరిగి మొదలుపెట్టేటప్పుడు పాత సమయంలో సగంతో, బోర్గ్ 11 దాటకుండా నడిచి, ఇబ్బంది లేకపోతేనే రోజుకు కొద్ది నిమిషాల చొప్పున పెంచుకోవాలి.