సీసపు అక్షరాలు, మూడో పాఠం: తెల్లపొడి, ఎండిన సిరా

రెండో పాఠం అయ్యేసరికి మీ చేతికి ఒక కేసు (గళ్ల సొరుగు) నిండా పాత టైపు, అంటే అచ్చువేసే అక్షరాలు, వచ్చిందనుకుందాం. వెంటనే కడిగేయాలనిపిస్తుంది. కాసేపు ఆగి, ఒక్కో అక్షరాన్నీ వెలుతురులో తిప్పి చూడండి.

నల్లగా ఉంటే అది ఎండిన సిరా, భయం లేదు. తెల్లటి పొడి కనిపిస్తే మాత్రం సీసానికి తుప్పు పట్టిందన్నమాట. టైపు లోహంలో ఎక్కువ భాగం సీసమే. గట్టిదనం కోసం ఆంటిమొని, కరిగిన లోహం మూసలోకి బాగా పారడానికి తగరం కలుపుతారు. చెక్క సొరుగు నుంచి, ముఖ్యంగా ఓక్ చెక్క నుంచి, వచ్చే ఆమ్లపు ఆవిరికి తేమ తోడైతే సీసం మెల్లగా తినేసుకుపోతుంది. అందుకే వెనిగర్ లాంటి పుల్లటివి టైపు దగ్గరికి రానివ్వకండి.

ఆ పొడి విషం. దాన్ని పొడిగా దులపకూడదు, నోటితో ఊదకూడదు. గ్లవ్స్, సన్నటి దుమ్మును ఆపే మాస్క్ వేసుకుని, తడిగుడ్డతో అద్ది తీయండి. వంటగదిలో, పిల్లలు తిరిగే చోట ఈ పని వద్దే వద్దు. అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోండి. తుడిచిన గుడ్డను, ముఖం (అచ్చుపడే వైపు) తినేసుకుపోయిన అక్షరాలను మామూలు చెత్తలో వేయకుండా ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే చోట ఇవ్వండి. ఇంట్లో కరిగించే ఆలోచన అసలు పెట్టుకోవద్దు.

సిరాకైతే కిరోసిన్ చాలు. గాలి ఆడే చోట, మంటకు దూరంగా, అక్షరాలను కాసేపు నానబెట్టి మెత్తటి టూత్‌బ్రష్‌తో రుద్దండి. మొదట్లో నేను తొందరపడి వైరు బ్రష్ వాడాను. సిరా పోయింది, దానితోపాటు అక్షరాల సన్నగీతలు కూడా పోయాయి. ఆ అక్షరాలను ఇప్పటికీ దాచుకున్నాను. కాగితాన్ని తాకేది ముఖం ఒక్కటే. అక్షరం ఒంటి మీద, అంటే మిగతా భాగంలో, మరకలుంటే ఉండనివ్వండి. తర్వాత పూర్తిగా ఆరనివ్వండి.

ఇక నాకు బాగా ఇష్టమైన పని, వేరుచేయడం. అక్షరం ఒంటికి ఒక పక్కన చిన్న గాడి ఉంటుంది, దాన్నే నిక్కు అంటారు. స్టిక్కులో, అంటే అక్షరాలను వరుసగా పేర్చే చేతి పట్టీలో, నిక్కులు బయటికి కనిపించేలా పేర్చండి. ఒకే ఫాంటువైతే గాళ్లన్నీ కలిసి గీసినట్టు ఒక గీతలా వస్తాయి. ఎక్కడ గీత తప్పిందో అక్కడ వేరే ఫాంటు అక్షరం దూరిందన్నమాట. వేర్వేరు ఫాంటులకు ఒకేలాంటి నిక్కు ఉండొచ్చు కాబట్టి ముఖం కూడా పోల్చండి.

అడుగు నుంచి ముఖం దాకా అక్షరం ఎత్తు కూడా కాలిపర్ అనే కొలత పరికరంతో కొలవండి. బ్రిటన్, అమెరికా టైపు 0.918 అంగుళం, అంటే సుమారు 23.3 మిల్లీమీటర్లు. ఫ్రెంచి టైపు సుమారు 23.56. కంటికి ఆనని తేడాయే, కానీ రెండూ కలిపితే పొట్టి అక్షరం సరిగా అచ్చుపడదు, పొడుగుది కాగితంలోకి దిగబడుతుంది.

ఈ వారం ఇరవై అక్షరాలు మాత్రమే తీసుకోండి. చెక్క టైపు ఉంటే పక్కన పెట్టండి, నీళ్లలో ముంచితే ఉబ్బి వంకరపోతుంది. దాని సంగతి నాలుగో పాఠంలో చూద్దాం.